సూది భయాన్ని మెట్టు మెట్టుగా దాటించడం

12.1 పరిచయం

మీకు ఒక తమ్ముడు ఉన్నాడనుకోండి. వయసు 28 ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఇంటి పనుల్లో సాయం చేస్తాడు, వీధి చివరి దుకాణానికి వెళ్ళి పాలపాకెట్టు తెస్తాడు, సినిమా పాటలంటే ప్రాణం పెడతాడు. అయితే ఆరు నెలల నుంచి పొద్దస్తమానం మగతగా ఉంటున్నాడు. బరువు పెరిగాడు. పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నాడు. పాటలు పెట్టమని అడగడం మానేశాడు. “ఇలాంటివాళ్ళు అంతేలెండి, వయసు వచ్చేకొద్దీ మందగిస్తారు” అని పక్కింటివారు అన్నారు. డాక్టరుగారు మాత్రం అలా అనుకోలేదు. థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇవ్వమని చీటీ రాశారు. ల్యాబు గుమ్మం దగ్గర మీ తమ్ముడు గ్రిల్లు పట్టుకుని వేళ్ళాడాడు. ఎంత బతిమాలినా లోపలికి రాలేదు. మూడు నెలలైంది, చీటీ ఇంకా గూట్లోనే ఉంది.

ఈ పాఠం ఆ చీటీ గురించే.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించడం మిగతావారిలో కంటే చాలా ఎక్కువ. అందుకే జబ్బు లక్షణాలు కనిపించకపోయినా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఈ పరీక్ష చేయించాలని వైద్యులు చెబుతారు. జబ్బు ఉందని తేలితే వైద్యం కష్టమైనది కాదు. రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి. మగత, బరువు, మలబద్ధకం, పొడిబారిన చర్మం క్రమంగా సర్దుకుంటాయి. కాని రక్తం తీయకుండా జబ్బు ఉందో లేదో తేల్చే మార్గం లేదు. అంటే మీ తమ్ముడికీ, అతడు మానేసిన పాటలకీ మధ్య ఒక్క సూదిపోటు అడ్డంగా ఉండవచ్చు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు వైద్యపరీక్షలంటే భయం ఎలా పుడుతుందో చెప్పగలుగుతారు, ఒక పరీక్షను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టగలుగుతారు, ఆసుపత్రి సిబ్బందితో ముందుగా ఏం మాట్లాడుకోవాలో తెలుసుకుంటారు. ఇందులో రక్తపరీక్షనే ఉదాహరణగా తీసుకున్నాం. పన్ను పీకించడానికి, కంటి పరీక్షకు, రక్తపోటు చూడడానికి కూడా పద్ధతి ఇదే.

ఒక మాట. పుట్టుకతోగాని చిన్నతనంలోగాని మెదడు ఎదుగుదలలో వచ్చే తేడాల వల్ల జీవితాంతం ఉండే ఇబ్బందులను ఎదుగుదల వైకల్యాలు అంటాం. మేధో వైకల్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ ఈ కోవలోకి వస్తాయి. పాత పుస్తకాలలో మీకు ‘బుద్ధిమాంద్యం’ అనే మాట కనిపిస్తుంది. దాని బదులు ఇప్పుడు ‘మేధో వైకల్యం’ అంటున్నాం. వికలాంగుల హక్కుల చట్టం 2016 కూడా పాత మాటను విడిచిపెట్టింది.

12.2 భయం ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఇళ్ళలో పిల్లలకు డాక్టరుగారు మొదట పరిచయమయ్యేది ఎలాగో గుర్తు తెచ్చుకోండి. “అన్నం తినకపోతే సూది పొడిపిస్తా.” “అల్లరి చేస్తే డాక్టరుకి ఇచ్చేస్తా.” ఈ మాటలు అనని ఇల్లు అరుదు. మామూలు పిల్లలు పదేళ్ళు వచ్చేసరికి ఇది ఉత్త బెదిరింపని గ్రహిస్తారు. మాటలోని వెటకారాన్ని పట్టుకోలేని బిడ్డకు మాత్రం అది మాటకు మాటగా నిజమై మనసులో ఉండిపోతుంది. ఇరవై ఏళ్ళ తరువాత ల్యాబు గుమ్మంలో ఆ బిడ్డే గ్రిల్లు పట్టుకుంటాడు.

దానికి అనుభవం తోడవుతుంది. ఎదుగుదల వైకల్యం ఉన్నవారు చిన్నప్పటి నుంచి ఎక్కువసార్లు ఆసుపత్రికి వెళ్ళి ఉంటారు. గుండెకో, కళ్ళకో, మూర్ఛకో చూపించుకుని ఉంటారు. ఎందుకు పొడుస్తున్నారో చాలాసార్లు వారికి ఎవరూ చెప్పి ఉండరు. కారణం తెలియని నొప్పి, కారణం తెలిసిన నొప్పికంటే పెద్దది. మీకే ఒకరోజు బజారులో ఎవరో వచ్చి, మాటైనా చెప్పకుండా చేయి పట్టుకుని సూది గుచ్చితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

“వాళ్ళకు నొప్పి అంతగా తెలియదు” అని కొందరు అంటారు. ఇది తప్పు. నొప్పి తెలుస్తుంది. దాన్ని చెప్పే తీరు వేరుగా ఉంటుంది, కొన్నిసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. తల గోడకు కొట్టుకోవడం, అన్నం నెట్టేయడం, ఉన్నట్టుండి ఎవరినో కొట్టడం వెనుక పన్ను నొప్పి, చెవి నొప్పి దాగి ఉండవచ్చు. అలాంటి మార్పు కనిపించగానే “అది వాళ్ళ స్వభావం” అని పక్కన పెట్టేస్తే అసలు జబ్బు లోపలే పెరుగుతుంది. ఈ పొరపాటు బంధువులే కాదు, చదువుకున్న వైద్యులు కూడా చేస్తుంటారు.

భయాన్ని నేర్చుకున్నట్టే, దాన్ని పోగొట్టుకోవడం కూడా నేర్చుకోవచ్చునని చూపిన తొలి ప్రయోగాలలో ఒకటి 1924లో అచ్చయింది. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ అనే మూడేళ్ళ లోపు బాబుతో పనిచేసింది. అతనికి కుందేలు అంటే విపరీతమైన భయం. బాబు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలును గదిలో దూరంగా పెట్టేవారు. అతడు కుదుటగా ఉన్నాడని చూసుకుంటూ మెల్లగా దగ్గరకు తెచ్చేవారు. చివరికి బాబు కుందేలును చేత్తో నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు ఇదే దారిని పెద్దలకు పనికివచ్చేలా ఒక చికిత్సా పద్ధతిగా రాశాడు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: శరీరం ఒకే సమయంలో కుదుటగానూ భయంగానూ ఉండలేదు. కుదుటగా ఉన్నప్పుడు భయపెట్టే వస్తువును కొద్దికొద్దిగా ఎదుర్కొంటే, ఆ వస్తువుకూ భయానికీ ఉన్న ముడి సడలుతుంది.

ఇక్కడ కాసేపు ఆగి, ఒక కాగితం మీద రాయండి: మీకు తెలిసినవారిలో ఆసుపత్రి అంటే భయపడే ఒకరిని తలచుకోండి. వారు భయపడేది సరిగ్గా దేనికి? సూదికా, వాసనకా, జనానికా, మరి దేనికైనానా? మీకు తెలుసా, లేక ఊహిస్తున్నారా?

12.3 బలవంతంగా పట్టుకుంటే?

ఈ భాగం రాయడం నాకు సులభం కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఊరిలో జరిగిన వైద్య శిబిరానికి నేను ఉపాధ్యాయ శిక్షణ బృందంతో వెళ్ళాను. ముప్పై ఏళ్ళ మనిషి ఒకరు రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వరుస పెరిగిపోతోంది. ఎవరో “పట్టుకోండయ్యా” అన్నారు. నలుగురం పట్టుకున్నాం. నలుగురిలో నేనొకడిని, అతని ఎడమ కాలు నా చేతిలో ఉంది. రక్తం తీశారు. పని రెండు నిమిషాలలో అయిపోయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతని తల్లి తరువాత ఒకసారి కలిసినప్పుడు చెప్పింది: అప్పటి నుంచి ఇంటికి తెల్లచొక్కా వేసుకున్నవారు వస్తే మంచం కిందకు దూరుతున్నాడట. రెండేళ్ళు పన్ను నొప్పి ఉన్నా ఎవరికీ చెప్పలేదట, చెబితే తీసుకెళతారని. ఆరోజు మేం ఆదా చేసిన సమయం ఎంతో, దానికి అతడు చెల్లించింది ఎంతో లెక్క వేస్తే మాది చాలా చెడ్డ బేరం.

బలవంతం పనిచేసినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజుకు పరీక్ష పూర్తవుతుంది. కాని తరువాతి పరీక్షకు భయం రెట్టింపవుతుంది, మనిషి బలం కూడా పెరిగి ఉంటుంది. పైగా డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగపు వెన్నుపూసల కీలు వదులుగా ఉంటుంది. పెనుగులాటలో తలను వంచి గట్టిగా అదిమితే వెన్నుపాముకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మోసం కూడా బలవంతం లాంటిదే. “గుడికి వెళుతున్నాం” అని చెప్పి ల్యాబుకు తీసుకెళ్ళారనుకోండి. ఒక్కసారికి పని జరుగుతుంది. ఆ తరువాత అతడు గుడికి కూడా రాడు.

12.4 మెట్లు కట్టడం

బిడ్డకు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పిన తల్లిదండ్రులకు ఈ పద్ధతి కొత్తది కాదు. గుండీని రంధ్రం దాకా తేవడం, సగం దూర్చడం, అవతలి వైపు నుంచి లాగడం – ఇలా పనిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కే నేర్పుతారు. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (దాని పేరు ఇప్పుడు మారింది) వంటి చోట్ల శిక్షణ పొందిన టీచర్లు ఇళ్ళలో తల్లులకు చూపించేదీ ఇదే. ఇక్కడ గుండీ బదులు రక్తపరీక్ష, అంతే తేడా.

మొదట చేయవలసింది అభ్యాసం కాదు, పరిశీలన. రక్తపరీక్ష అనేది ఒక్క వస్తువు కాదు. ఫినాయిల్ వాసన, ట్యూబులైటు చప్పుడు, బెంచీ మీద ఒరుసుకునే జనం, రబ్బరు పట్టీ బిగింపు, స్పిరిటు దూది చల్లదనం, సూది కనిపించడం, పోటు, రక్తం కనిపించడం, చివర్లో ప్లాస్టరు పీకేటప్పుడు వెంట్రుకలు లాగడం – ఇవన్నీ అందులో ఉన్నాయి. నాకు తెలిసిన ఒకామెకు సూది అంటే ఏ బాధా లేదు. ఆమె అరిచేదంతా ప్లాస్టరు కోసమే. ప్లాస్టరు వద్దని, దూది పెట్టి చేత్తో అయిదు నిమిషాలు ఒత్తి పట్టుకుంటామని చెబితే సరిపోయింది. ఆ సంగతి కనుక్కోవడానికి మాత్రం ఆ ఇంటికి ఆరేళ్ళు పట్టింది.

ఇప్పుడు మీ తమ్ముడి మెట్లు కడదాం. రోజూ ఒకే వేళలో, పది నిమిషాలు చాలు. సాయంత్రం టీ తాగాక అనుకుందాం. టీ, పాట, పక్కన మీరు – ఇవన్నీ అతన్ని కుదుటపరిచేవి, కాబట్టి అవి ఉండాలి.

అన్నిటికంటే ముందు ఆగే గుర్తు నిర్ణయించుకోండి. అతడు అరచేయి ఎత్తితే మీరు ఆగాలి. “ఇదొక్కటే, ఇంకొక్కటే” అనకూడదు. వెంటనే ఆగాలి. మొదటి రెండు మూడు రోజులు అతడు ఊరికే చేయి ఎత్తి చూస్తాడు, నిజంగా ఆగుతారా లేదా అని. ఆగండి. అది అల్లరి కాదు, మీకు పెట్టిన పరీక్ష. మొత్తం పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. తన చేతిలో తాళం ఉన్నదని తెలిసిన మనిషి తలుపు దగ్గరకు వస్తాడు. అయితే ఆగడం వేరు, పారిపోవడం వేరు. చేయి ఎత్తగానే అభ్యాసం మొత్తం ఎత్తివేసి లేచిపోతే, భయపడితే తప్పించుకోవచ్చునని శరీరం నేర్చుకుంటుంది. అందుకని ఆగి, దానికి కింద ఉన్న సులువైన మెట్టు ఒకటి చేసి, ఆ తరువాత ముగించండి.

మొదటి మెట్టు కుర్చీ. చేయి దిండు మీద చాపి, పాట ఒక చరణం అయ్యేదాకా కూర్చోవడం. అంతే. ఇది హాస్యంగా అనిపించవచ్చు, కాని రక్తం తీసేటప్పుడు కావలసింది సరిగ్గా ఇదే భంగిమ. రెండు రోజులు ఇబ్బంది లేకుండా కూర్చుంటే నీళ్ళలో తడిపిన దూదితో మోచేతి వంపులో తుడవండి. తరువాత స్పిరిటు దూదితో. వాసన కొత్తగా ఉంటే ముందు సీసా మూత తీసి గదిలో దూరంగా పెట్టండి, పీటర్ కుందేలులాగా.

రబ్బరు పట్టీ దగ్గర తొందరపడకండి. మొదట అతని చేత మీ చేతికి కట్టించండి. “గట్టిగా ఉంది, వదులు చెయ్” అని మీరు అనండి, అతడు విప్పుతాడు. ఈ ఆట నాలుగైదు సార్లు జరిగాక తన చేయి తానే ఇస్తాడు. మొదట వదులుగా కట్టి అయిదు లెక్కపెట్టి విప్పండి. తరువాత కొద్దిగా బిగించండి. నిమిషానికి మించి ఉంచకండి.

ఆ తరువాత సూది లేని సిరంజి. అతడు దాన్ని పట్టుకుని చూడాలి, నీళ్ళు పీల్చి చిమ్మాలి. చివరికి దాని మొనను మోచేతి వంపులో ఆనించి ఇరవై లెక్కపెట్టండి. ఇంట్లో సూదితో అభ్యాసం ఎప్పుడూ చేయకూడదు, ఎవరు చెప్పినా సరే.

ఇక ఇంటి బయట. ఒకరోజు ల్యాబు గేటు దాకా వెళ్ళి, ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగి రండి. లోపలికి వెళ్ళవద్దు. అతడు వెళదామన్నా ఆ రోజుకు వద్దు. ఇంకొకరోజు బెంచీ మీద అయిదు నిమిషాలు కూర్చోండి. ఇంకొకరోజు ల్యాబులో రక్తం తీసే వ్యక్తి పట్టీ కట్టి, విప్పి, “ఇవాళ్టికి ఇంతే, వెళ్ళిరండి” అనాలి. ఇన్నిసార్లు ల్యాబుకు వెళ్ళి నొప్పి లేకుండా తిరిగి వచ్చిన అనుభవం మీ తమ్ముడి జీవితంలో ఇదే మొదటిసారి కావచ్చు. పాత భయాన్ని కరిగించేది ఆ అనుభవమే.

ఒక్కొక్క మెట్టు రెండు మూడు రోజులు తేలికగా సాగితేనే పైకి వెళ్ళండి. జ్వరం వచ్చినా, పండుగకు చుట్టాలు వచ్చినా రెండు మెట్లు కిందకు జారడం మామూలే. “నిన్న చేశావుగా, ఇవాళ ఏమైంది?” అని అడగకండి. మొత్తం పని మూడు వారాలు పట్టవచ్చు, మూడు నెలలూ పట్టవచ్చు. పరీక్షను ఎన్నాళ్ళు ఆపవచ్చో డాక్టరుగారిని ముందే అడిగి ఉంచుకోండి.

బహుమతి గురించి ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. “ఏడవకుండా ఉంటే జిలేబీ కొనిపెడతా” అంటాం. ఏడవడం అతని చేతిలో లేదు. చేయి చాపి కూర్చోవడం అతని చేతిలో ఉంది. కాబట్టి ఏడుస్తూనైనా కూర్చుంటే బహుమతి ఇవ్వాలి, వెంటనే ఇవ్వాలి. పెద్దది అక్కర్లేదు. తనకిష్టమైన పాట తానే ఎంచుకోవడం, బస్సులో కిటికీ పక్క సీటు చాలు.

12.5 ఏం చెప్పాలి?

“చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే.” మనందరం చెప్పే మాట. మీ తమ్ముడు చీమ కుట్టడాన్ని ఎరుగును, సూదినీ ఎరుగును. రెండూ ఒకటి కావని అతనికి తెలుసు. అంటే మీరు చెప్పే తరువాతి మాట కూడా నమ్మడు. నిజం చెప్పండి:

“నొప్పి పుడుతుందా?”

“పుడుతుంది. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తరువాత ఒత్తినట్టు ఉంటుంది.”

“ఎంతసేపు?”

“మనం ఇరవై లెక్కపెడదాం. ఒక్కోసారి ఇంకో ఇరవై కావాలి. సూది తీసేశాక దూది పెడతారు.”

“రక్తం అంతా పోతుందా?”

“పోదు. ఇదిగో, చెంచాడు.” ఒక టీ చెంచాలో నీళ్ళు పోసి చూపించండి. మామూలు రక్తపరీక్షకు రెండు నుంచి అయిదు మిల్లీలీటర్లు సరిపోతాయి, టీ చెంచాలో పట్టేది అయిదు మిల్లీలీటర్లు. రక్తం అంతా అయిపోతుందనే భయం మనం ఊహించేదానికంటే ఎక్కువమందిలో ఉంటుంది. అడిగే మాట రాక చెప్పలేకపోతారు.

మాటలు తక్కువ ఉన్నవారికి బొమ్మలు బాగా పనిచేస్తాయి. 1990ల మొదట్లో అమెరికాలో కరోల్ గ్రే అనే టీచర్ ఆటిజం ఉన్న పిల్లల కోసం చిన్న చిన్న కథలు రాయడం మొదలుపెట్టింది. ఒక సందర్భంలో ఏం జరుగుతుందో, ఎవరు ఏం చేస్తారో, తాను ఏం చేయవచ్చో ఆ కథ వరుసగా చెబుతుంది. మీరూ ఇలాంటిది ఒక పాత నోటుపుస్తకంలో తయారుచేయవచ్చు. ల్యాబువారి అనుమతి తీసుకుని గేటు, బెంచీ, కుర్చీ, సిస్టర్‌గారిని ఫోనుతో ఫొటో తీయండి. పేజీకి ఒక బొమ్మ, ఒక వాక్యం. “ఇది ల్యాబు గేటు. నేనూ అమ్మా ఇక్కడ చెప్పులు విడుస్తాం.” చివరి పేజీలో ఇల్లు ఉండాలి. ఇంటికి తిరిగి వస్తానన్న నమ్మకం కొందరికి ఉండదు, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి ఆసుపత్రిలో ఉంచేసి ఉంటారు.

ఇంకొక సంగతి, అతనికి 28 ఏళ్ళు. “బుజ్జికన్నా, మంచి బాబువి కదూ” అనడం మీకు ప్రేమగానే తోచవచ్చు. కాని పెద్దవాడిలా ధైర్యం చేయమని అడుగుతూ పసివాడిలా పిలవడం పొసగదు. రక్తం తీసే వ్యక్తి మీ వైపు తిరిగి “ఇతని పేరేంటండీ?” అని అడిగితే, “అతన్నే అడగండి, చెబుతాడు” అనండి. 18 ఏళ్ళు నిండిన మనిషి కాబట్టి అవునన్నా కాదన్నా ఆ మాటకు విలువ ఉంది. అర్థం చేసుకోవడానికి సాయం కావలసి వస్తే సాయం చేయాలి, అంతేకాని అతన్ని దాటి మాట్లాడకూడదు.

12.6 ఆసుపత్రివారితో

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 25వ సెక్షను ప్రకారం వైకల్యం ఉన్నవారికి వైద్యం అందించడంలో ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. కౌంటరు దగ్గర ఉన్నవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. వైకల్య ధ్రువపత్రంతో పాటు ఆ సెక్షను జిరాక్సు కాగితం సంచిలో పెట్టుకోండి. నిజం చెప్పాలంటే, రెండు రోజుల ముందు వెళ్ళి రక్తం తీసే వ్యక్తితో మర్యాదగా మాట్లాడుకుంటే జరిగే మేలు జిరాక్సు కాగితంతో జరగదు. అయినా కాగితం ఉంచుకోండి.

ఆ మాటల్లో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. జనం తక్కువగా ఉండే వేళ ఏది? సీతాకోకచిలుక రెక్కల్లాంటి పట్టు ఉన్న సన్న సూది దొరుకుతుందా? నరం దొరకకపోతే రెండు ప్రయత్నాలకు మించి చేయబోమని మాట ఇస్తారా? ఈ చివరిది తప్పనిసరిగా అడగండి, ఎందుకంటే “ఒక్కసారే” అని మీరు తమ్ముడికి చెప్పి, నాలుగుసార్లు గుచ్చితే మూడు నెలల శ్రమ ఆ కుర్చీలోనే పోతుంది.

డాక్టరుగారిని అడగవలసినవి వేరు. పరగడుపున రావాలా అని అడగండి. థైరాయిడ్ పరీక్షకు సాధారణంగా అక్కర్లేదు. అనవసరంగా ఆకలితో తీసుకెళ్ళిన మనిషిని కుదుటపరచడం ఎవరి తరమూ కాదు. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము రాయమని అడగవచ్చు. అది పనిచేయాలంటే దాదాపు గంట ముందు పూసి, పైన కప్పి ఉంచాలి. గుమ్మంలో పూస్తే లాభం లేదు.

రక్తం చూడగానే పాలిపోయి, చెమటలు పట్టి, పడిపోయే అలవాటు ఉంటే చెప్పి తీరాలి. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది. ఈ రకం భయంలో మాత్రం ముందు పెరిగి, తరువాత ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటివారికి “వదులుగా ఉండు” అని చెప్పడం సరికాదు. వారిని పడుకోబెట్టి రక్తం తీయాలి. సూది గుచ్చని చేతినీ కాళ్ళనూ కొన్ని క్షణాలు బిగించి వదలడం నేర్పాలి. ఈ కిటుకును 1980లలో స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు.

నిద్రమాత్ర ఇచ్చి తీసుకెళ్ళమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఇంట్లో ఉన్న మాత్ర, మందుల షాపువాడు ఇచ్చిన మాత్ర వేయవద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవారిలో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు చాలామందికి ఉంటుంది. వారికి మత్తు ప్రమాదం. మత్తు కావాలో లేదో వైద్యుడే తేల్చాలి, ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

12.7 ఆగడానికి వీలు లేనప్పుడు

కుక్క కరిచింది. టీకాను మూడు వారాలు వాయిదా వేయలేం. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషిని కాపాడడం దాదాపు అసాధ్యం. అలాగే లోతైన గాయం, ఆగని మూర్ఛ. ఇలాంటప్పుడు మెట్లు కట్టే వ్యవధి ఉండదు, అతడు వద్దన్నా వైద్యం జరగాలి. పట్టుకోక తప్పకపోతే తక్కువమంది పట్టుకోండి, తెలిసినవారే పట్టుకోండి, మెడ జోలికి పోకండి. ఒక్కరే మాట్లాడండి. “ఇప్పుడు ఆగలేం. కుక్క విషం ఆగదు. నేను నీ పక్కనే ఉన్నాను” అని నిజం చెప్పండి. అరచేయి ఎత్తితే ఆగుతానని మీరిచ్చిన మాట ఆ రోజు తప్పారు. ఇంటికి వచ్చాక ఆ మాట ఒప్పుకోండి. ఆ తరువాతి అభ్యాసం కుర్చీ దగ్గరి నుంచి మళ్ళీ మొదలవుతుంది. టీకా ఒక్కసారితో అయిపోదు కాబట్టి రెండో మోతాదుకు మధ్య దొరికే రెండు మూడు రోజులూ విలువైనవే. సూదిని కాకపోయినా కనీసం గదినీ, సిస్టర్‌గారినీ పరిచయం చేయవచ్చు.

12.8 చేసి చూడండి

మీకు తెలిసిన ఒకరి కోసం, లేదా మీ కోసమే, ఒక వైద్యపరీక్షను ఎంచుకోండి. ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ఆ పరీక్షలో ఇంటి గడప దాటినప్పటి నుంచి తిరిగి గడపలో అడుగుపెట్టేదాకా జరిగేవన్నీ వరుసగా రాయండి. పదిహేనుకు తక్కువ వస్తే మళ్ళీ ఆలోచించండి, ఏదో వదిలేశారు. కుడివైపు ఒక్కొక్కదాని ఎదురుగా అది ఆ వ్యక్తికి తేలికా, కొంచెం కష్టమా, అసలు వల్లకానిదా రాయండి. మీ ఊహ రాయకండి, వారినే అడిగి రాయండి. మాటలు రానివారైతే ఆ వస్తువునో ఫొటోనో చూపించి, ముఖం, చేతులు ఏం చెబుతున్నాయో చూసి రాయండి.

తరువాత ‘తేలిక’ అని రాసిన వాటిలో ఒకటి ఎంచుకుని ఈ సాయంత్రం టీ తాగాక పది నిమిషాలు చేయండి. కాగితాన్ని తరువాతి ముఖాముఖి తరగతికి తీసుకురండి. అధ్యయన కేంద్రంలో మిగతా విద్యార్థులు తెచ్చిన కాగితాలతో పోల్చి చూడండి. ఒకే ల్యాబు, ఒకే సూది అయినా, ‘వల్లకాదు’ అన్న మాట ఒక్కొక్కరి కాగితంలో ఎక్కడెక్కడ పడిందో గమనించండి.